ఓడిపోవడం కూడా ఒక ప్రణాళికయేనా?

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పారు. ఆలస్యం అమృతం విషమని కూడా ఆ పెద్దలే చెప్పారు. ఒకే నోట వెలువడిన ఈ రెండు మాటలలో దేనిని ఎప్పుడు పాటించవలెననేది ఎవరికి వారే తేల్చుకొనవలసి ఉన్నది. సంస్థలను నడిపేవారికి ఈ చిక్కు మరింత ఎక్కువ. నేటి అవసరాన్ని తీర్చవలెనా, రేపటి ఫలితం కొరకు నేడు పస్తుండవలెనా? అమెరికా దేశపు బేస్‌బాల్ రంగంలో దశాబ్దంన్నర కాలంగా ఈ ప్రశ్న తీవ్రమైన వాదోపవాదాలకు కారణమైనది. ఆట మన దేశానిది కాకపోయినా వాదం మనకు పరాయిది కాదు. కనుక దానిని విద్యార్థి లోకం ముందుంచి, మా అభిప్రాయాన్ని కూడా నిర్మొహమాటంగా తెలియజేయదలచినాము.

ముందుగా ఆ వ్యవస్థను గూర్చి రెండు మాటలు. అక్కడి మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉన్నవి. ఒక్కొక్క జట్టు ఏటా 162 ఆటలు ఆడుతుంది. మైదానంలో దిగే అర్హత గల జాబితాలో 26 మందికి, దాని వెనుక ఉండే విస్తృత జాబితాలో 40 మందికి మాత్రమే చోటు. వారికి దిగువన మైనర్ లీగ్ జట్లలో వందలాది యువకులు తమ వంతు కొరకు ఎదురుచూస్తూ ఉంటారు. ఎవరిని పైకి పిలువవలెనో, ఎవరిని మరొక జట్టుకు ఇచ్చివేయవలెనో, ఎవరిని విడిచిపెట్టవలెనో నిర్ణయించేది జనరల్ మేనేజర్ ఆధ్వర్యాన పనిచేసే యాజమాన్య కార్యాలయం. కొత్త ఆటగాళ్లను పంచుకొనే డ్రాఫ్ట్ అనే పద్ధతిలో, క్రిందటి ఏడు అందరికంటె ఎక్కువగా ఓడిన జట్టుకు ముందుగా ఎన్నుకొనే అవకాశం దక్కేది. బలహీనుడికి చేయూతనివ్వవలెనన్న సదుద్దేశంతో ఏర్పడిన నియమమది. కాని చేయూత దొరుకుతుందని తెలిసిన చోట, కావాలని బలహీనపడేవారు కూడా పుట్టుకొస్తారు కదా!

హ్యూస్టన్ నగరపు ఆస్ట్రోస్ జట్టు చరిత్ర ఇందుకు పెద్ద ఉదాహరణ. 2011లో ఆ జట్టు 106 ఆటలలో ఓడినది. ఆ ఏడాది చివర జెఫ్ లూనో జనరల్ మేనేజర్‌గా వచ్చి, జీతాలు ఎక్కువగా తీసుకొనే అనుభవజ్ఞులను సాగనంపి, యువకులను కూడబెట్టడం ప్రారంభించినాడు. 2012లో 107, 2013లో 111 ఓటములు. ప్రేక్షకులు నవ్విపోయినా కార్యాలయం చలించలేదు. 2012 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి అవకాశంతో కార్లోస్ కొరియాను ఎన్నుకొన్నారు. ఆయన అనుమతించిన మొత్తం కంటె తక్కువకు ఒప్పుకొనగా మిగిలిన డబ్బుతో లాన్స్ మెక్‌కల్లర్స్ అనే మరొక ప్రతిభావంతుణ్ణి కూడా తెచ్చుకొన్నారు. 2014లో ఒక ప్రసిద్ధ క్రీడాపత్రిక ఈ జట్టు 2017లో విజేత కాగలదని ముఖచిత్రంపైననే జోస్యం చెప్పినది. 2017లో ఆస్ట్రోస్ జట్టు 101 ఆటలు గెలిచి, వరల్డ్ సిరీస్‌ను కూడా గెలుచుకొన్నది.

షికాగో కబ్స్ కథ కూడా ఇటువంటిదే. 1908 తరువాత ఒక్కసారియైనా విజేత కాని ఆ జట్టు బాధ్యతను 2011 చివర థియో ఎప్‌స్టీన్ స్వీకరించినాడు. 2012లో 101 ఓటములు. 2016లో వరల్డ్ సిరీస్. నూట ఎనిమిదేళ్ల నిరీక్షణ ఫలించినది. ఈ రెండు ఉదాహరణలను చూపి, కొన్నేళ్లు ఓడిపోవడమే గెలుపునకు రాజమార్గమని వాదించేవారు బయలుదేరినారు. వారి వాదంలో బలం లేకపోలేదు. విత్తనాల కొరకు దాచిన గింజలను ఈ పూటకు వండుకొని తినే రైతు మరుసటి ఏడు ఏమి నాటగలడు? నాలుగు ఆటలు అదనంగా గెలవడానికై రేపటి తరం యువకులను అమ్ముకొన్న కార్యాలయం పరిస్థితి కూడా అంతే.

అయితే విత్తనాలను దాచుకోవడం వేరు, పొలాన్ని బీడు పెట్టడం వేరు. హ్యూస్టన్ విజయాన్నే కొంచెం దగ్గరగా పరిశీలించినచో ఈ తేడా తెలుస్తుంది. 2017లో అత్యుత్తమ ఆటగాడి బహుమతిని పొందిన హోసే అల్తూవే డ్రాఫ్ట్ ద్వారా వచ్చినవాడే కాదు. వెనిజ్వేలా దేశస్థుడైన ఆయనను పొట్టివాడని మొదట తిప్పి పంపినారు. మరునాడు మళ్లీ వచ్చి తన ఆటను చూపించగా 2007లో కేవలం 15,000 డాలర్లకు ఒప్పందం కుదుర్చుకొన్నారు. జార్జ్ స్ప్రింగర్, డాలస్ కైకెల్ కూడా లూనో రాకకు ముందే సంస్థలో చేరినవారు. 2013లో మొదటి అవకాశంతో ఎన్నుకొన్న మార్క్ ఆపెల్ ఆస్ట్రోస్ తరఫున మేజర్ లీగ్‌లో ఒక్క ఆటయైనా ఆడలేదు. అప్పుడు వారు దాటవేసిన క్రిస్ బ్రయంట్‌ను రెండవ అవకాశంతో కబ్స్ తీసుకొనగా, ఆయన 2016లో తన లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడైనాడు. 2014 మార్చిలో ఆస్ట్రోస్ పనికిరాడని విడిచిపెట్టిన జె.డి. మార్టినెజ్ 2018లో బోస్టన్ తరఫున 43 హోమ్ రన్లు కొట్టి, ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలవడంలో ముఖ్యపాత్ర వహించినాడు. చివరకు 2017 ఆగస్టు 31న అనుభవజ్ఞుడైన జస్టిన్ వెర్లాండర్‌ను డెట్రాయిట్ నుండి తెచ్చుకొంటే గాని హ్యూస్టన్ విజయం సంపూర్ణం కాలేదు. ఇదంతా గమనించిన తరువాత, మూడేళ్ల ఓటమియే ఆ కిరీటాన్ని తెచ్చిపెట్టినదని చెప్పడం సగం సత్యమే అవుతుంది.

ఓడినవారంతా గెలుస్తారా అంటే అదీ లేదు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు 1993 నుండి 2012 వరకు వరుసగా ఇరవై సీజన్లలో గెలుపుల కంటె ఓటములనే ఎక్కువగా మూటగట్టుకొన్నది. షికాగోలోని రెండవ జట్టైన వైట్ సాక్స్ 2016 చివర తన మేటి బౌలర్ క్రిస్ సేల్‌ను బోస్టన్‌కు ఇచ్చి, యువకులను కూడబెట్టే మార్గాన్నే పట్టినది. 2018లో నూరు ఆటలు ఓడినది. 2020, 2021 సంవత్సరాలలో చివరి పోటీలకు చేరినా ఒక్క అంచెనైనా దాటలేకపోయినది. 2024లో 121 ఆటలు ఓడి, ఆధునిక యుగంలో మరే జట్టూ ఎరుగని అపకీర్తిని పొందినది. గెలిచినవారి కథలు గ్రంథాలుగా వెలువడుతవి. ఓడినవారి లెక్కలు అటకెక్కుతవి. అందువలన, పద్ధతి ఒకటే అయినా ఫలితం వేరైన సందర్భాలను మరచి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. ఈ నిరీక్షణకు మూల్యం చెల్లించేది ఎవరు? బ్రయంట్ ఉదంతమే తీసుకొందాము. మేజర్ లీగ్‌లో 172 రోజులు గడిపితే ఒక పూర్తి సంవత్సరం సేవగా లెక్క. అటువంటి ఆరు సంవత్సరాలు నిండిన తరువాతనే ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకోగలడు. 2015 వసంతంలో సన్నాహక పోటీలలో బ్రయంట్ అద్భుతంగా రాణించినా, కబ్స్ కార్యాలయం ఆయనను మైనర్ లీగ్‌లో ఉంచి ఏప్రిల్ 17న పైకి పిలిచినది. ఏడాది చివర ఆయన సేవ 171 రోజులు! ఒక్కరోజు తక్కువైనందున ఆయన స్వేచ్ఛ ఒక సంవత్సరం వెనుకబడినది. ఇంకా నేర్వవలసినది ఉన్నదని కార్యాలయం చెప్పినది. ఆటగాడు ఫిర్యాదు చేయగా 2020లో మధ్యవర్తి కార్యాలయం పక్షానే తీర్పు ఇచ్చినాడు. నియమం ప్రకారం అది తప్పు కాకపోవచ్చును. కాని నియమం అనుమతించినదంతా ధర్మమైపోదు.

మైనర్ లీగ్ యువకుల స్థితి మరింత శోచనీయంగా ఉండేది. రేపటి విజయానికి వారే పునాదిరాళ్లని ప్రతి కార్యాలయమూ చెబుతుండేది. అయినా వారిలో పై అంచెకు చేరినవారికి సైతం 2022 వరకు కనీస వేతనం ఏడాదికి 17,500 డాలర్లు మాత్రమే. 2022లో వారు కార్మిక సంఘంలో చేరి, 2023లో ఒప్పందం సాధించిన మీదట అది 35,800 డాలర్లయినది. భవిష్యత్తును నమ్ముకొన్నామని చెప్పే సంస్థలు ఆ భవిష్యత్తుకు కడుపునిండా అన్నం పెట్టడానికి ఒప్పందం దాకా ఆగవలసి వచ్చినదంటే, వారి దూరదృష్టిని ఏమని మెచ్చుకొనగలము?

హ్యూస్టన్ కథకు ఒక ముగింపు కూడా ఉన్నది. 2017 విజయ సంవత్సరంలో ఆ జట్టు కెమెరా సాయంతో ఎదుటి జట్టు సంజ్ఞలను దొంగిలించి, చెత్తడబ్బాను మోది తమ ఆటగాడికి తెలియజేసినదని విచారణలో తేలినది. 2020 జనవరిలో జనరల్ మేనేజర్‌ను, మైదానపు మేనేజర్‌ను ఒక ఏడాది బహిష్కరించగా, యజమాని ఇద్దరినీ ఉద్యోగాల నుండి తొలగించినాడు. ఐదు మిలియన్ డాలర్ల జరిమానా, రెండేళ్ల డ్రాఫ్ట్‌లలో మొదటి రెండు అవకాశాల నష్టం అదనం. విచారణ నివేదిక ఆ కార్యాలయపు పని వాతావరణాన్నే తప్పుపట్టినది. ఓటములను కావాలని పోగుచేసినవారంతా మోసగాళ్లని మేము అనడం లేదు. ఆ జట్టు 2022లో కొత్త నాయకత్వం క్రింద తిరిగి గెలిచిన మాటను కూడా మరువము. అయితే ఫలితమే సర్వస్వమని ఏళ్ల తరబడి నేర్పిన ఇంటిలో మార్గశుద్ధి నిలవడం కష్టమని మాత్రం చెప్పక తప్పదు.

మరి దూరదృష్టికి మంచి ఉదాహరణ లేదా? ఉన్నది. బ్రాంచ్ రికీ అనే కార్యనిర్వాహకుడు 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకు క్రింది స్థాయి జట్లను సమకూర్చి, యువకులను తామే పెంచి పోషించే విధానాన్ని నెలకొల్పినాడు. ఆ జట్టు 1926, 1931, 1934, 1942 సంవత్సరాలలో విజేతగా నిలిచినది. తరువాత బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు వచ్చిన రికీ, నల్లజాతివారికి మేజర్ లీగ్ తలుపులు మూసి ఉన్న కాలంలో 1945లో జాకీ రాబిన్సన్‌తో ఒప్పందం చేసుకొన్నాడు. 1946లో మాంట్రియల్ జట్టులో ఆడించి, 1947 ఏప్రిల్ 15న మేజర్ లీగ్ మైదానంలో నిలిపినాడు. ఆ 1947 మొదలు 1956 వరకు బ్రూక్లిన్ ఆరుసార్లు తన లీగ్‌లో అగ్రస్థానాన్ని, 1955లో వరల్డ్ సిరీస్‌ను గెలిచినది. రికీ 1950లోనే బ్రూక్లిన్‌ను వీడినాడు. తాను నాటిన చెట్టు నీడన మరొకరు కూర్చొన్నారు.

బోస్టన్ రెడ్ సాక్స్ మాట? 1945 ఏప్రిల్‌లో ఇదే రాబిన్సన్ వారి మైదానంలో పరీక్షకు నిలిచినాడు. వారు తీసుకోలేదు. అప్పటి పదహారు జట్లలో నల్లజాతి ఆటగాడిని చేర్చుకొన్న చివరి జట్టు అదే. అది కూడా 1959లో. 1918లో గెలిచిన ఆ జట్టు 2004 వరకు మళ్లీ విజేత కాలేదు. అన్ని ఏళ్ల కరవుకు ఇదొక్కటే కారణమని చెప్పము. అయినప్పటికీ గుమ్మం ముందు నిలిచిన ప్రతిభను వర్ణం చూసి వెనుకకు పంపిన కార్యాలయం, ఎన్ని లెక్కలు వేసినా తన నష్టాన్ని తానే కొనితెచ్చుకొన్నదని చెప్పవచ్చును. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకొనే బుద్ధి ఏ దేశంలోనైనా ఒకటే. అల్పసంఖ్యాక వర్గాల పిల్లలు చదువుకొనే మన కళాశాలలో ఈ పాఠానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

2022లో లీగ్ కూడా కళ్లు తెరిచినది. డ్రాఫ్ట్‌లో మొదటి ఆరు అవకాశాలకు లాటరీ ప్రవేశపెట్టి, ఒకే జట్టు ఏళ్ల తరబడి ఓటమిని పంటగా కోసుకొనకుండ హద్దులు విధించినది. 121 ఆటలు ఓడిన వైట్ సాక్స్‌కు ఆ హద్దుల వలన 2025లో పదవ స్థానం కంటె ముందు అవకాశం దక్కలేదు. తొలి ఏడాదిలోనే ఉత్తమ నవాగతుని బహుమతి పోటీలో మొదటి రెండు స్థానాలు పొందిన యువకునికి పూర్తి సంవత్సరం సేవ లభించే ఏర్పాటు కూడా జరిగినది. ఓటమికి బహుమానం తగ్గినప్పుడే దానిపై మోజు తగ్గుతుంది.

ఇక మా అభిప్రాయం. దీర్ఘకాలిక ప్రణాళిక లేని సంస్థ గాలివాటు పడవ వంటిది. అయితే ప్రణాళిక అనిపించుకొనడానికి మూడు లక్షణాలు ఉండవలెను. ఒకటి, నేటి కష్టాన్ని మోసేవారికి రేపటి ఫలంలో వాటా ఉండవలెను. రెండు, దానికి గడువు, ఆ గడువుకు జవాబు చెప్పే మనిషి ఉండవలెను. గడువు లేని ఓర్పు సోమరితనానికి మారుపేరు. మూడు, ఇతరులు చూడనిరాకరించిన వారిని చూడగల కన్ను ఉండవలెను. రికీలో ఈ మూడవది ఉన్నది. బ్రయంట్ రోజులను లెక్కించిన కార్యాలయంలో మొదటిది లేదు.

ఈ సంచికను చదివే విద్యార్థులలో కొందరైనా రేపు సంస్థలను నడుపుతారు; కమిటీ పెద్దలు ఇప్పటికే నడుపుతున్నారు. ఇరువురికీ మా విన్నపం ఒక్కటే. జట్టుకు వచ్చే ఏడాది ఎప్పుడూ ఉంటుంది. ముప్పై అయిదేళ్ల ఆటగాడికి ఉండదు. కళాశాల నూరేళ్లు నిలవవచ్చును. ఒక విద్యార్థి అందులో ఉండేది కొద్ది సంవత్సరాలే. రేపటి పేరిట నేటివారి వంతును ఖర్చు చేసేటప్పుడు, ఆ వంతు వారికి మళ్లీ రాదన్న సంగతిని నిర్ణయించేవారు గుర్తుంచుకొందురుగాక.