గ్రామసభలో ముందు పాత తీర్మానాలు చదవండి

ఉద్దానం, పలాస, టెక్కలి ప్రాంత గ్రామాల ఓటర్లకు విజ్ఞప్తి



మన గ్రామసభలు ఎలా జరుగుతున్నాయో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. పదింటికని చాటింపు వేస్తే పదకొండున్నరకు పెద్దలు దిగుతారు. శాలువాలు, పూలగుత్తులు, వేదిక మీదున్న వాళ్లందరి పేర్లూ వరసపెట్టి చదవడం అయ్యేసరికి ముప్పావు గంట. ఆపైన కిడ్నీ జబ్బు గురించి ఒకాయన మాట్లాడతాడు. అదే సంగతి ఇంకొకాయన ఇంకాస్త గొంతు పెంచి మాట్లాడతాడు. జీడిపిక్కల ధర, తిత్లీ తుపాను పరిహారం, తాగునీళ్లు, శ్మశానం దారి. నడుమ "మీ హయాంలో ఏం ఊడబొడిచారు" అని ఒకరు, "మీరొచ్చి ఏం పొడిచారు" అని ఇంకొకరు లేస్తారు. వెనక వరసలోంచి "ఏటి బావూ, పోయినసారీ ఇదే కదా సెప్పేరు" అని వినిపిస్తుంది. అందరూ నవ్వుతారు. భోజనాల వేళకు షామియానా విప్పేస్తారు.

చెప్పిందే చెప్పడం ఆపాలంటే మైకు లాక్కోవాలి అనుకునే అధికారులున్నారు. "ఎన్నిసార్లు చెబుతావమ్మా, కూర్చో" అనేస్తే పని అయిపోయిందనుకుంటారు. దీనికి మేము ఒప్పుకోం. సోంపేట బీలలో, అంటే చిత్తడి నేలల్లో, 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెడతామని వచ్చినప్పుడు జనం ఏం చేశారు? 2009లో ప్రజాభిప్రాయ సేకరణ సభలోనూ, ఆ తర్వాత ప్రతి వీధిలోనూ ఒకే మాట అన్నారు: ఇది బంజరు కాదు, నీళ్లున్న నేల, మా పంట, మా చేప. కాగితాల్లో బంజరని రాసుకున్న వాళ్లకు ఆ మాట విసుగు పుట్టించింది. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. జవాబు రాని మాటను మళ్లీ అనే హక్కు జనానికి ఉందని ఈ తీరంలో పుట్టినవాళ్లకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయితే జవాబు వచ్చిన మాటను కూడా మనం మళ్లీ అంటున్నాం. అసలు జవాబు వచ్చిందో రాలేదో మనకే గుర్తుండటం లేదు. మన సభలకు పట్టిన జబ్బు ఇదే. పోయిన సభలో ఏం తీర్మానించారు, ఎవరికి పంపారు, వాళ్లు ఏమన్నారు అన్నది తీర్మానాల రిజిస్టరులో ఉండాలి. ఆ రిజిస్టరు చాలా ఊళ్లలో ఎలా నడుస్తోంది? సభ మొదలు కాకముందే హాజరు సంతకాలు తీసుకుంటారు. తీర్మానాలు తర్వాత ఆఫీసులో తీరిగ్గా రాసుకుంటారు. మనం సంతకం పెట్టింది ఖాళీ పేజీ మీద. అందులో ఏం రాశారో చదివి వినిపించే నాథుడు లేడు. గుర్తులేని సభ చెప్పిందే చెప్పక ఏం చేస్తుంది?

ఒక విచిత్రం చూడండి. ఫ్యాక్టరీ పెట్టేవాడి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు కేంద్రం 2006 సెప్టెంబరులో ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్‌లో పక్కా పద్ధతి రాసి ఉంది. సభలో జనం అన్నదంతా రాసుకోవాలి, సభ ముగిసేలోగా దాన్ని స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. కంపెనీ కోసం పిలిచిన సభకు ఉన్న ఈ మర్యాద ఊరు తనకోసం తాను కూర్చున్న సభకు ఎందుకు ఉండకూడదు? గ్రామసభ ఎవరి దయాధర్మమూ కాదు. 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చింది, మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 1994 ఏడాదికి కనీసం రెండుసార్లు జరపమంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున సభలు పెట్టారు. సభలు పెట్టడం మన ప్రభుత్వాలకు చేతనైన పనే. కొరత సభ తర్వాతి పని దగ్గర.

మేము అడిగే మార్పు చిన్నది. సర్పంచ్ గానీ ప్రత్యేకాధికారి గానీ కుర్చీలో కూర్చోగానే, సన్మానాల కన్నా ముందు, పోయిన సభ తీర్మానాలు ఒక్కొక్కటీ చదవాలి. ప్రతి దానికీ కార్యదర్శి రెండు ముక్కల్లో చెప్పాలి: అయింది, లేదా కాలేదు, ఎక్కడ ఆగింది. ఆ చెప్పింది కూడా రిజిస్టరులో ఎక్కాలి. అప్పుడు జీడి రైతు లేచి మద్దతు ధర గురించి పావుగంట ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు. "మన తీర్మానం కలెక్టరాఫీసుకు పంపేరా? రసీదు ఏదీ?" అంటే చాలు. బస్తా ధర నిర్ణయించే అధికారం పంచాయతీకి లేదని మనకూ తెలుసు. ఊరు చేయగలిగింది గట్టి తీర్మానం ఒకటి చేసి పంపడం, దాని వెంట పడటం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. పరిహారం జాబితాలో పేరు లేదన్నవాళ్లు నేటికీ ప్రతి సభలో లేస్తూనే ఉన్నారు. వాళ్ల అర్జీ ఏ తేదీన ఏమైందో ఒక్కసారి చదివి చెబితే, రావలసినవాళ్లు పై మెట్టుకు వెళ్తారు, రానివాళ్లకు రాదని తెలుస్తుంది. రెండూ మేలే.

ఇక కిడ్నీ జబ్బు. ఈ చర్చే మన సభల్ని ఎక్కువగా తినేస్తోంది, పైగా ఎక్కువ దారి తప్పుతోంది. కారణం నీళ్లలో ఉందని ఒకరు, పురుగుమందులని ఒకరు, ఎండలో పని అని ఒకరు, నొప్పి బిళ్లలని ఇంకొకరు. ఇన్నేళ్లుగా పరిశోధకులకే తేలని కారణం మన షామియానా కింద గంటలో తేలదు. ఆ గంటలో తేలగలిగినవి వేరే ఉన్నాయి. ఊళ్లో ఆర్వో ప్లాంటు మెంబ్రేన్ ఎప్పుడు మార్చారు? నీళ్లు ఆఖరుసారి పరీక్ష చేసింది ఏ నెల? రక్త పరీక్షల శిబిరం మళ్లీ ఎప్పుడు? పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. ఆ పథకం గొట్టం మన వీధి కుళాయి దాకా వచ్చిందా? వస్తే రోజూ ఎంతసేపు నీళ్లు వస్తున్నాయి? డయాలసిస్‌కు వెళ్లే మనిషి తెల్లవారుజామున ఏ బండి ఎక్కుతున్నాడు?

ప్లాస్టిక్ కవరులో ల్యాబు రిపోర్టులు పెట్టుకుని వచ్చి, ముందు వరస ఉపన్యాసాలు అయ్యేదాకా కూర్చునే ఆడవాళ్లు మన ప్రతి సభలోనూ ఉంటారు. క్రియాటినిన్ మూడుకెక్కిందా నాలుగుకెక్కిందా అన్నది వాళ్లకు కంఠతా వచ్చు. డయాలసిస్ పింఛనుకు ఏ కాగితం తక్కువైందన్నదే వాళ్ల ప్రశ్న. ఏఎన్ఎం గానీ వెల్ఫేర్ అసిస్టెంటు గానీ రెండు నిమిషాల్లో చెప్పగలరు. మైకు వాళ్ల దాకా వచ్చేసరికి ఆ ఇద్దరూ లేచి వెళ్లిపోయి ఉంటారు. అందుకే మొదటి గంట ఊరివాళ్లదే కావాలి. నాయకుల మాటలు చివర్లో పెట్టండి, మనిషికి ఐదు నిమిషాలు. పార్టీల లెక్కలు తేల్చుకోవడానికి టీ బడ్డీలున్నాయి.

సభ వేళ కూడా మారాలి. ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినమంటే జీడిపిక్కలు ఏరే రోజులు. పొద్దున్న పదింటికి సభ పెడితే సగం ఊరు తోటల్లో ఉంటుంది, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడవాళ్లు షెడ్లలో ఉంటారు. వచ్చినవాళ్లే మళ్లీ వస్తారు, విన్నదే మళ్లీ వింటాం. సాయంత్రం ఐదింటికి పెట్టండి. చట్టం కనీసం రెండన్నదే తప్ప రెండే అనలేదు గనక, సంక్రాంతి వారంలో ఇంకొకటి కలపండి. హైదరాబాదు, చెన్నై పనుల మీదకు పోయిన మనవాళ్లు ఇంటికొచ్చేది అప్పుడే.

కార్యదర్శులకు పని పెరుగుతుందంటారు. పెరుగుతుంది, ఒక్క మొదటి సభకు. పాత తీర్మానాల లెక్క ఒకసారి తేలితే తర్వాత మిగిలేది నాలుగైదు పేజీలు. పెద్దలకు కోపం వస్తుందంటారు. రానివ్వండి.

ఈ కాగితం చదివినవాళ్లు వచ్చే సభ దాకా ఆగొద్దు. గడిచిన రెండు సభల తీర్మానాల నకలు కావాలని సమాచార హక్కు చట్టం 2005 కింద తెల్లకాగితం మీద అర్జీ రాసి పంచాయతీలో ఇవ్వండి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి అర్జీకి రుసుము లేదు. నకలు చేతికొచ్చాక వీధిలో పదిమందికి చదివి వినిపించండి. దాన్ని పట్టుకునే సభకు రండి.