ఆపరేషన్ చేయించని వాళ్లంతా డబ్బుకు వెనకాడిన వాళ్లు కారు



గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో కాలేయ క్యాన్సర్ మీద అర పేజీ వ్యాసం వేశారు. 12 సెంటీమీటర్ల గడ్డను సర్జన్లు తీసేశారు, రోగి తన కాళ్ల మీద ఇంటికి నడిచి వెళ్లాడు. ఆ మనిషి నిండు నూరేళ్లూ బతకాలి. కానీ చివర్లో మీ విలేకరి ఒక మాట చేర్చారు. కుటుంబం ధైర్యం చేసి ముందుకొస్తే ఈ జబ్బును ఆపరేషన్‌తో జయించవచ్చట. ఆ ఒక్క వాక్యం నాకు నిద్ర లేకుండా చేసింది.

మా వారు ఈ జబ్బుతోనే పోయారు. ఆపరేషన్ జరగలేదు. పదకొండో రోజున, బంధువులు ఇంకా విస్తళ్ల ముందు ఉండగానే మా పెద్దాడపడుచు అందరూ వినేలా అంది: "ఉన్న ఎకరం అమ్మి కోయించి ఉంటే నా తమ్ముడు బతికేవాడు. ఎవరి కోసం దాచిందో!" ఇప్పుడు మీ పేజీని ఫొటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా ఆవిడే. కింద ఒక్క ముక్క రాయలేదు. రాయాల్సింది మీరే రాసిపెట్టారు కదా!

అయ్యా, ఈ జబ్బులో కత్తి పెట్టవచ్చో లేదో ముఖ్యంగా తేల్చేది గడ్డ తీశాక లోపల మిగిలే లివర్. మీరు రాసిన రోగికి మిగతా లివర్ ఆరోగ్యంగా ఉందని మీ వ్యాసంలోనే ఉంది. అలాంటి లివర్‌లో నాలుగో వంతు మిగిల్చినా చాలు, అది మళ్లీ పెరుగుతుంది. సిర్రోసిస్ వచ్చిన లివర్‌లో 40 శాతమైనా మిగలాలి. అంత మిగిలినా పెరిగే శక్తి దానికి తక్కువ. మా వారిది అలాంటి లివరే. గడ్డ 4 సెంటీమీటర్లే. కానీ అది కుడివైపు లోతుగా, పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, అన్నవాహికలో నరాలు ఉబ్బాయి.

సర్జన్ గారు సీటీ ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి, పెన్ను మూతతో గీత గీసినట్టు చూపించారు. "అమ్మా, గడ్డ తీయడం నాకు కష్టం కాదు. కానీ దాంతోపాటు ఇక్కణ్నుంచి ఇంత పోతుంది. మిగిలే ఈ ముక్క అంచు చూడండి, ఎంత గరుకుగా ఉందో. ఇది ఆయన్ని మోయలేదు. టేబుల్ మీద నుంచి దిగినా తర్వాత లివర్ ఫెయిలవుతుంది" అన్నారు. డబ్బు కట్టించుకుని కోసి పంపించడం ఆయనకు చేతకాక కాదు. ఆ మాట అన్నందుకు ఆయనకు నేను ఈ రోజుకీ దణ్ణం పెడతాను.

మరి లివర్ మార్పిడి చేయించలేదేం అంటారు. మిలాన్ నగరంలో డాక్టర్ మజ్జఫెర్రో బృందం 1996లో పెట్టిన కొలతలను ఇప్పటికీ ఎక్కువగా చూస్తారు. ఒకటే గడ్డయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు. మూడు వరకూ ఉంటే ఏదీ 3 దాటకూడదు. రక్తనాళాల్లోకి పాకి ఉండకూడదు. అలా ఎంచి మార్పిడి చేసినవాళ్లలో నాలుగేళ్ల తర్వాత నూటికి 75 మంది బతికి ఉన్నారు. మా వారు ఆ కొలతల్లోనే ఉన్నారు. దాత లివర్ కోసం జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించాం. మా బావగారు తన లివర్ ఇస్తానని వస్తే, పరీక్షల్లో ఆయనకూ హెపటైటిస్-బి బయటపడింది. నాది కొవ్వు లివర్, పనికిరాదన్నారు. అబ్బాయికి 18 నిండలేదు, చట్టం ఒప్పుకోదు. ఆడపడుచు వయసు దాటిపోయింది. ఈలోగా గడ్డ పెరక్కుండా గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి మందు వదిలారు. అయినా అది పోర్టల్ సిరలోకి పాకింది. ఆ రిపోర్టుతో మార్పిడి మాట ముగిసిపోయింది. అప్పటికి ఎకరానికి బేరం కుదిరి అడ్వాన్సు కూడా తీసుకున్నాం. తిరిగి ఇచ్చేశాం. ఈ సంగతి మా ఆడపడుచుకు తెలుసు.

ఇంకొకటి. ఆ వ్యాసం పక్కన మందు సీసా, గ్లాసు బొమ్మ ఎందుకు వేశారు? మా వారు చుక్క ముట్టి ఎరగరు. ఆయనకు హెపటైటిస్-బి తల్లి నుంచి పుట్టుకతో వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లు కూడా గొంతు తగ్గించి "తాగేవారా?" అని నన్ను అడిగారు. పక్కనే కూర్చున్న నా కొడుకు తల దించుకున్నాడు. మద్యం లివర్‌ను పాడుచేస్తుంది, కాదనను. హెపటైటిస్-బి, సి, షుగరు, కొవ్వు కూడా ఇదే క్యాన్సర్ తెస్తాయి. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద రెడ్డి గారు 1997లో హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి తెచ్చి, దాన్ని మామూలు కుటుంబాలకు అందించారు. ఇప్పుడు ప్రభుత్వమే పిల్లలకు ఉచితంగా వేస్తోంది. మా వారు పుట్టేనాటికి అది లేదు. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు వేయాల్సిన ఆ టీకా బొమ్మ మీకు దొరకలేదా?

ఇక జయించడం గురించి. గడ్డను కోసి తీసేసినవాళ్లలో అయిదేళ్లు తిరిగేసరికి దాదాపు మూడింట రెండు వంతుల మందికి అది మళ్లీ వస్తుంది. గడ్డను పుట్టించిన లివర్ లోపలే ఉంటుంది కనుక. మార్పిడిలో ఆ లివర్ మొత్తం పోతుంది కాబట్టి తిరగబెట్టడం బాగా తక్కువ. మీరు ఇంటికి పంపిన ఆ రోగి ఇకముందు వరసగా స్కాన్లు చేయించుకోవాలని వ్యాసంలో ఎక్కడా లేదు. జయించేశానని నమ్మి ఆయన స్కాన్లు మానేస్తే ఆ పాపం ఎవరిది?

వచ్చే ఆదివారం అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో వేయండి: సిర్రోసిస్ ఉన్నవాళ్లు, హెపటైటిస్-బి ఉండి నలభై దాటిన మగవాళ్లు, హెపటైటిస్-బి ఉండి ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లు నొప్పి కోసం ఎదురుచూడకుండా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించుకోవాలి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్‌కో మార్పిడికో దారి ఎక్కువగా ఉంటుంది. అలాగే, ఆపరేషన్ కుదరదని రోగికి చెప్పాల్సి వచ్చిన సర్జన్ ఒకరిని కూడా కలిసి రమ్మని మీ విలేకరికి చెప్పండి. ఆయన చెప్పేది కూడా అర పేజీ వేయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి