బ్యాటరీ అయిపోతే అలారం మోగదు

ఫైర్ సిబ్బంది వీపున మోసే శ్వాస పరికరంలో గాలి సిలిండర్‌ది, దానికి బ్యాటరీతో పనిలేదు. కానీ మనిషి సుమారు 30 సెకన్లు కదలకపోతే గట్టిగా మోగే పాస్ అలారం మాత్రం బ్యాటరీ మీదే బతుకుతుంది. పొగలో పడిపోయినవాణ్ణి తోటివాళ్లు ఆ మోతను బట్టే వెతుక్కుంటారు. అందుకే లోపలికెళ్లే ముందు బ్యాటరీ చూసుకోవాలి.

మన వాళ్లు దిగే మ్యాన్‌హోల్ దగ్గర ఎవరు చూస్తున్నారు? రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. దాని నిబంధనలు శ్వాస పరికరం, గ్యాస్ మానిటర్ ఇవ్వాలన్నాయి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు మరణాల పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. చావుకి లెక్క పెరిగింది, సరే. బ్యాటరీకి పద్దు ఏది?

గ్యాస్ మానిటర్‌కీ బ్యాటరీయే ప్రాణం. అది ఆరిపోతే ఇక ముక్కే దిక్కు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు మొద్దుబారేది ఆ ముక్కే. కుళ్లిన గుడ్ల వాసన తెలియకుండా పోతుంది. వాసన లేదు కదా అని దిగినవాడు మళ్లీ పైకి రాకపోవచ్చు.

అసలు మనిషే దిగకూడదు, యంత్రం దిగాలి. అప్పటిదాకా నా డిమాండ్ ఒకటే. కిట్లు పంచి ఫొటోలు దిగడం ఆపండి. టెండర్‌లోనే బ్యాటరీ, ఛార్జింగ్, సర్వీసింగ్ ఖర్చు రాయండి. ప్రతిసారీ పరీక్షించి సంతకం పెట్టేది అధికారి కావాలి. మోగని పరికరం ఇస్తే "దిగను" అనే హక్కు కార్మికుడిది. ఆ రోజు కూలి కోయొద్దు.

జై భీమ్.