మెస్సీనా ప్రణయనాటకమున కపటవిచారము

షేక్‌స్పియర్ రచించిన 'మచ్ అడో అబౌట్ నథింగ్' అను నాటకము 1600 సంవత్సరమున ముద్రితమైనది. బెనెడిక్, బియాట్రిస్‌ల వాక్కలహమును మెచ్చుకొని, దీనిని హాస్యప్రధానమని చెప్పి విడుచుట వాడుక. బెనెడిక్‌ను మన విదూషకునితో పోల్చవలెనని తోచుటయు సహజమే. కాని విదూషకుడు నాయకుని ప్రణయమునకు సహాయుడే గాని తాను ప్రణయి కాడు. ఈ నాటకమున హాస్యముకంటె విచారింపవలసినది కపటము. అది రెండు విధములుగ ప్రవర్తించినది.

ధనంజయుడు దశరూపకమున నర్మను ప్రియజనచిత్తమును ఆవర్జించు విదగ్ధక్రీడగా లక్షించెను. ఈ యిరువురి నర్మ దానికి విపర్యయము. ఒకరినొకరు దూరముంచుటకే మాటలు విసరుకొందురు. వివాహమన్న ఇరువురికిని ఏవగింపు. అయినను ప్రథమరంగమున, యుద్ధమునుండి వచ్చిన వార్తాహరుని బియాట్రిస్ మొట్టమొదట అడిగినది బెనెడిక్‌ను గూర్చియే. నిందావ్యాజమున అడిగినను అది కుశలప్రశ్నయే గదా!

బెనెడిక్ తోటలో చాటుననుండి వినుచున్నాడని యెఱిగియే, డాన్ పెడ్రో మొదలగువారు బియాట్రిస్ అతనికై కుమిలిపోవుచున్నదని కల్పించి చెప్పుకొందురు. పిదప హీరోయు అర్సులాయు బియాట్రిస్ విషయమున అట్లే చేయుదురు. (హీరో యనునది ఇచట కన్యక పేరు; తెలుగు పాఠకుడు నాయకుడని భ్రమింపరాదు.) స్వప్నవాసవదత్తము చతుర్థాంకమున లతామండపము చాటుననున్న వాసవదత్త ఉదయనుని మాటలు వినును. ఆమె విన్నది సత్యము. ఆమె వినుచున్నదని వక్తకు తెలియదు. మెస్సీనా తోటలో పలికినది అసత్యము, వినబడవలెననియే పలికిరి. మరి అసత్యము ఎట్లు ఫలించినది? ప్రేమను గూర్చిన మాట కల్పితమే. కాని దానితోపాటు వారు విన్నది తమ గర్వమును గూర్చిన నింద. అది నిజము. ఆ నింద నాటినది కనుకనే కల్పితమైన ప్రేమయు నిజమైనది.

రెండవ కపటము డాన్ జాన్‌ది. అతని అనుచరుడు బొరాచియో రాత్రివేళ కిటికీకడ పరిచారిక మార్గరెట్‌తో సరసమాడి, ఆమెయే హీరో యని చూచువారు నమ్మునట్లు చేయును. ఇట్టి వృత్తాంతము అరియోస్తో కావ్యమునను, బాండెల్లో కథయందును ముందే కలదు. షేక్‌స్పియర్ ఈ దృశ్యమును రంగముపై చూపక, బొరాచియో నోట చెప్పించుట గొప్ప ఔచిత్యమని నా యభిప్రాయము. చూపినచో ప్రేక్షకుడును క్షణకాలము మోసపోయి క్లాడియోను మన్నించును. చూపలేదు గనుక మన్నింపడు. పైగా ఆ రహస్యము ముందుగ చెవిని పడినది ఊరి కావలివాండ్రకు. వారి నాయకుడు డాగ్‌బెర్రీ విన్నవింపబోగా, పెండ్లి తొందరలోనున్న లియొనాటో, అతని నసకు విసిగి, వినక పంపివేసెను. ఆ మాత్రము ఓపిక యున్నచో కూతురికి పరాభవమే లేదు.

కాళిదాసు దుష్యంతుని నిరాకరణమునకు దుర్వాసశాపమును కారణముగ కల్పించెను. క్లాడియోకు ఏ శాపమును లేదు. కిటికీకడ ఏమియు చూడకమునుపే, దోషము కనబడినచో మరునాడు పెండ్లిసభలోనే ఆమెను అవమానింతునని నిశ్చయించుకొన్నవాడు అతడు. తండ్రియే కూతురు చచ్చుట మేలనును. బియాట్రిస్ మాత్రము ఒక్కక్షణమైన సందేహింపదు. ఫ్రాన్సిస్ అను సన్న్యాసి ఆమె ముఖమును పరికించి నిర్దోషిని యని గ్రహించును.

ఆ సన్న్యాసి పన్నినది మిథ్యామరణము. మరణవార్త విన్నంతనే క్లాడియో హృదయము కరుగునని అతని యాశ. వాసవదత్త లావాణకమున దగ్ధమైనదన్న మిథ్యావార్తకు ఉదయనుని హృదయము అట్లే కరిగినది. క్లాడియోది కరుగలేదు. హీరో మరణించినదని వినియు అతడు బెనెడిక్‌తో పరిహాసమాడబోవును. బొరాచియో నేరము నొప్పుకొన్న పిదపనే పశ్చాత్తాపము. ఆ వెంటనే, ముఖమైన చూడని మరియొక కన్యను పెండ్లాడుటకు సమ్మతి!

ఈ నాటకమున ప్రణయమునకు నిజమైన పరీక్ష తోటలో గాక దేవాలయమున జరిగినది. ప్రేమను ఒప్పుకొన్న తోడనే బియాట్రిస్ క్లాడియోను చంపుమని కోరును. అంతవరకు ఆగని చమత్కారము అక్కడ ఆగినది. బెనెడిక్ మొదట నిరాకరించును. పిదప వేరు సాక్ష్యము నడుగక, ఆమె మనసున నమ్మినదానినే ప్రమాణముగ గైకొని, మిత్రుని ద్వంద్వయుద్ధమునకు పిలుచును. కంటితో చూచితినన్న క్లాడియో మోసపోయెను; మాటను నమ్మిన బెనెడిక్ మోసపోలేదు.

తుదిరంగమున హీరో మేలిముసుగు తొలగించి నిలుచును. లియొనాటోను ప్రాయశ్చిత్తమేమని ముందే అడిగిన క్లాడియో, ఆమె నుద్దేశించి ఒక్క క్షమాపణవాక్యమును పలుకడు, కవియు పలికింపలేదు. శాపవశుడై మరచిన దుష్యంతుడు సైతము సప్తమాంకమున శకుంతల పాదములపై వ్రాలెను.