నిండు చేతుల చొక్కా

గత సంవత్సరం ఈదుల్ ఫిత్ర్ నాడు మా ఇంట బంధువులందరూ భోజనాలకు కూర్చున్నారు. ఎండలు మండుతున్న రోజులు. పిల్లలందరూ పలుచని కుర్తాలలో తిరుగుతుండగా, మా అక్క కుమారుడు మాత్రం మణికట్టు దాకా గుండీలు బిగించిన నిండు చేతుల చొక్కా ధరించి ఒక మూలగా కూర్చున్నాడు. పదవ తరగతి పరీక్షలు అప్పుడే ముగించిన బాలుడు. వయస్సు 16. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 46 కిలోలు.

షీర్ ఖుర్మా తాగుతూ ఒక పెద్దాయన, "ఏమ్మా, పిల్లవాడికి అన్నం పెట్టడం లేదా?" అని మా అక్కను అడిగారు. మరొకరు, "వాణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టకండి, ఎగిరిపోతాడు" అన్నారు. అందరూ నవ్వారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. వాడూ నవ్వాడు. మా అక్క మాత్రం ఖాళీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వాడు నా దగ్గరకు వచ్చి, "మామూ, ఒక మాట" అన్నాడు. ఈదీగా వచ్చిన సొమ్ము చూపించాడు. రెండు వేల పైచిలుకు ఉంది. ఇంకో వెయ్యి చేరిస్తే, తెలిసినవాడొకడు మూడు నెలల్లో ఒళ్ళు వచ్చే పొడి డబ్బా, దానితో పాటు కొన్ని ఇంజెక్షన్లు ఇస్తానన్నాడట. "ఆ వెయ్యి మీరిస్తారా? అమ్మీకి చెప్పకండి" అన్నాడు.

భోజనాల దగ్గర నేను నవ్విన నవ్వు ఎక్కడిదాకా వెళ్ళిందో అప్పుడు అర్థమైంది. కోప్పడడానికి నాకు నోరు రాలేదు. "వెయ్యి ఇవ్వను. కానీ నీతో పాటు నేను వస్తాను" అన్నాను.

ఇలాంటి ఇంజెక్షన్ల సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. కండ పెంచుతామని చెప్పి రహస్యంగా అమ్మేవాటిలో స్టెరాయిడ్లు ఉండవచ్చు. ఎదిగే వయస్సులో అవి ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలను ముందే మూసివేసి, ఎత్తు అక్కడితో ఆగిపోయేలా చేయగలవు. గుండెకు, కాలేయానికి హాని కలిగిస్తాయి. శరీరం స్వయంగా తయారుచేసుకునే పురుష హార్మోనును అణచివేస్తాయి. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఎవరో పేరు లేని సీసాలో పోసి ఇచ్చినదానితో దానిపై ప్రయోగాలు చేసే హక్కు మనకు లేదు.

మేము మొదట వెళ్ళింది జిమ్ముకు కాదు, డాక్టరు వద్దకు. అంత సన్నగా ఉన్న పిల్లవాడి విషయంలో కారణం వంశపారంపర్యమా, సరిపడని ఆహారమా, ఏదైనా వ్యాధి ఉందా అన్నది ముందు తేలాలి. పరీక్షలో స్వల్పంగా రక్తహీనత బయటపడింది. ఐరన్ మాత్రలు రాశారు. బరువులు ఎత్తితే ఎత్తు పెరగడం ఆగిపోతుందేమోనని మా అక్క భయపడింది. సరైన పద్ధతి నేర్పే వ్యక్తి పర్యవేక్షణలో, తగిన బరువులతో చేస్తే అలాంటి భయం అక్కర్లేదని డాక్టరు వివరించారు. ఎవరూ చూడని చోట, పందేలు కాసి, శక్తికి మించిన బరువు ఎత్తినప్పుడే ప్రమాదమని హెచ్చరించారు కూడా.

మా వీధి చివర ఒక చిన్న జిమ్ము ఉంది. దాన్ని నడిపే వృద్ధుణ్ణి అందరూ ఉస్తాద్ అంటారు. వారానికి మూడు రోజులు, అసర్ నమాజు తరువాత వెళ్ళాలని నిర్ణయించుకున్నాం. మొదటి రెండు వారాలు ఉస్తాద్ వాడిచేత ఇనుము ముట్టించలేదు. బస్కీలు, గోడకు చేతులు ఆనించి దండీలు, నడుము వంచకుండా వంగి లేవడం, ఇంతే. మూడవ వారంలో ప్లేట్లు లేని ఖాళీ రాడ్డు భుజాల మీద పెట్టి బస్కీలు తీయమన్నారు. రాడ్డు ఒక్కటే 20 కిలోలు. దాన్ని తలపైకి ఎత్తమంటే మూడుసార్లకే చేతులు వణికాయి. ఉస్తాద్ నవ్వలేదు. రాడ్డు తీసి, అయిదేసి కిలోల డంబెల్స్ చేతికిచ్చారు.

మొదటి రోజే ఆయన పెట్టిన షరతు ఒకటి ఉంది: ఒక నోటు పుస్తకం తేవాలి. ఏ రోజు ఏ వ్యాయామం, ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నీ రాయాలి. పదేసిసార్లు మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య రెండు నిమిషాల విశ్రాంతి. మూడు విడతలూ వంకర లేకుండా పూర్తయితేనే, తరువాతి సారి రెండున్నర కిలోలు పెంచాలి. పూర్తి కాకపోతే అదే బరువు.

ఆరు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం వాడు అద్దం ముందు నిలబడి, "ఏం మార్పు లేదు మామూ, మానేస్తాను" అన్నాడు. బరువు ఒక్క కిలో పెరిగింది. చేతులు చూడబోతే అవే చేతులు. నేను నోటు పుస్తకం తెరిచాను. 20 కిలోలతో మొదలైన బస్కీలు 30 కిలోలకు చేరాయి. తొలి వారాలలో పెరిగే బలం చాలావరకు నరాలది. ఉన్న కండరాన్నే మరింత పూర్తిగా పనిచేయించడం అవి నేర్చుకుంటాయి. కండ కంటికి కనిపించడానికి నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియక ఎందరో పిల్లలు సరిగ్గా ఇక్కడే మానేస్తారు, లేదా డబ్బాల వెంట పడతారు.

అప్పుడు వాడికి ఒక వైద్యుని కథ చెప్పాను. అమెరికాకు చెందిన థామస్ డెలోర్మ్ కౌమారంలో కీళ్లవాత జ్వరంతో మంచం పట్టాడు. కోలుకున్న తరువాత, బరువులు ఎత్తుతూ కొంచెం కొంచెంగా తన శరీరాన్ని తిరిగి నిర్మించుకున్నాడు. పెద్దయి వైద్యుడై, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు అదే పద్ధతిని వర్తింపజేశాడు. తేలిక బరువులు అనేకసార్లు ఎత్తించే నాటి వాడుకను పక్కనపెట్టి, క్రమంగా పెంచే బరువులతో వారిని నిలబెట్టాడు. 1945లో దానిపై వ్యాసం ప్రచురించాడు. "ఉస్తాద్ నీచేత రాయిస్తున్న లెక్క కూడా ఆ దారిలోదే" అన్నాను. వాడు మాట్లాడలేదు. మరునాడు జిమ్ముకు మాత్రం వెళ్ళాడు.

ఇక ఆహారం. పొడి డబ్బాకు పెట్టదలచిన సొమ్ము మా అక్క వంటింటికే వెళ్ళింది. బరువులు ఎత్తేవారికి శరీర బరువులో కిలోకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీను చాలు. అంటే వాడికి రోజుకు 75 గ్రాములలోపే. మూడు గుడ్లలో 18 గ్రాములు, రెండు గ్లాసుల పాలలో 16, వండిన కోడిమాంసం 100 గ్రాములలో 25, గుప్పెడు వేరుశనగపప్పులో 7. మిగిలినది పప్పు, పెరుగు, అన్నం తీరుస్తాయి. మాంసం లేని రోజున శనగలు, మరో గ్లాసు పాలు. ప్రోటీను ఒక్కటే చాలదు. సన్నని పిల్లవాడు బరువు పెరగాలంటే మొత్తం మీద మునుపటికన్నా ఎక్కువ తినాలి. ఉదయం ఏమీ తినకుండా కాలేజీకి పరుగెత్తే అలవాటు మానాలి. ఈ వయస్సువారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. ఫోను పట్టుకుని అర్ధరాత్రి దాటేదాకా మేల్కొనే పిల్లవాడు సాయంత్రం ఎత్తిన ఇనుము పూర్తి ఫలితం ఇవ్వదు.

రంజాన్ నెలలో బరువులు పెంచవద్దని ఉస్తాద్ ముందే చెప్పారు. ఇఫ్తార్ చేసి, నీళ్ళు బాగా తాగి, తరావీహ్ తరువాత వారానికి రెండు రోజులు తేలికగా చేశాడు. చేతిలో ఉన్నది నిలుపుకోవడమే ఆ నెల లక్ష్యం.

ఈ సంవత్సరం పండుగ నాటికి వాడి బరువు 53 కిలోలు. భుజాల మీద 60 కిలోలు పెట్టుకుని బస్కీలు తీస్తున్నాడు. సినిమా కథానాయకునిలా ఏమీ లేడు. ఇప్పటికీ సన్నని పిల్లవాడే. కానీ పొట్టి చేతుల కుర్తా ధరించి అందరి మధ్యా కూర్చున్నాడు. గ్యాస్ సిలిండరు వస్తే, ఎవరూ అడగకముందే లేచి రెండవ అంతస్తుకు మోసుకెళ్ళాడు. నిండు సిలిండరు దాదాపు 30 కిలోలు.

భోజనాల వేళ ఈసారి హాస్యం పదమూడేళ్ళ మరో బాలుని వైపు తిరిగింది. అగ్గిపుల్ల అన్నారు ఎవరో. మా వాడు గొంతు పెంచకుండా, "వాడింకా ఎదుగుతున్నాడు, అలా అనకండి" అన్నాడు. తన పక్కకు జరిగి ఆ పిల్లవాడికి చోటిచ్చాడు. పోయినసారి నేను చెప్పవలసిన మాట అది. నేను చెప్పలేదు.

తల్లిదండ్రులారా, పెద్దలారా! మీ ఇంట మండు వేసవిలోనూ నిండు చేతుల చొక్కా విప్పని పిల్లవాడు ఉన్నాడేమో ఒకసారి చూడండి. ఉంటే, వాడి మీద నవ్వు రాకుండా ముందు మన నోటిని కాచుకుందాం. తరువాత వాణ్ణి డాక్టరుకు చూపించి, నేర్పగల ఒక పెద్దమనిషి చేతిలో పెట్టి, ఒక నోటు పుస్తకం కొనివ్వండి. మొదటి ఆరు వారాలూ రోజూ సాయంత్రం ఆ పుస్తకం అడిగి చూడండి.