ఎదురు మర

పిల్లలూ! మీ ఇంట్లో తాతగారి నాటి సైకిలు ఉన్నదా? తొక్కినప్పుడల్లా పెడళ్ల మధ్య నుంచి కటకటమని చప్పుడు వస్తున్నదా? దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యకండి. ముందు నా కథ వినండి.

నాకు 14 ఏళ్లప్పుడు మాకొక పాత హెర్క్యులిస్ సైకిలు ఉండేది. కాణిపాకం దగ్గరి మా పల్లె నుంచి చిత్తూరు బెల్లం మండీకి మా నాయన దానిమీదే వెళ్లేవాడు. బాహుదా ఏటి ఇసుక లోపల చేరి, అది చప్పుడు చేయసాగింది. నాయన పొలానికి వెళ్లిన సమయం చూసి, నేనే దాన్ని విప్పాను.

రెండు పెడళ్ల క్రాంకులనూ కలుపుతూ లోపల ఒక ఇరుసు ఉంటుంది. దానికి ఇరుపక్కలా రెండు ఉక్కు కప్పులు. ఒక్కొక్క కప్పులో పావు అంగుళం గుండ్లు 11 ఉంటాయి. ఎడమ కప్పు గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పగానే వచ్చింది. కుడి కప్పునూ అలాగే తిప్పాను. కదలలేదు. సుత్తితో బాదాను. అంచు చితికిపోయింది!

నాయన ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు రోజులు చిత్తూరుకు నడిచి వెళ్లాడు. నాకు అంతకన్న పెద్ద శిక్ష ఏముంటుంది?

చివరకు సైకిలుషాపు మేస్త్రి చూసి, "అబ్బయ్యా, కుడిపక్క ఎదురు మర. బిగించేవైపు తిప్పితేనే ఊడుతుంది," అన్నాడు.

ఎందుకలా? గుప్పిట వదులుగా ముడిచి, అందులో పెన్సిలు నిలపండి. పై కొనను పట్టీ పట్టనట్టు పట్టుకుని గుండ్రంగా తిప్పండి. పెన్సిలు తన చుట్టూ తాను ఎదురువైపుకు తిరుగుతుంది. తొక్కేటప్పుడు కుడి కప్పుకూ అదే గతి. మామూలు మర అయితే అది నానాటికీ వదులవుతుంది. అందుకే ఇంగ్లీషు పద్ధతి సైకిళ్లకు అక్కడ ఎదురు మర పెట్టారు.

శుభ్రం చేయడానికి కుడి కప్పును విప్పనక్కరలేదు. పెద్దవాళ్ల సాయంతో రెండు క్రాంకుల కాటర్ పిన్నులూ తియ్యండి. నట్టును పిన్ను కొనకు సమంగా ఉంచి, దానిమీద చెక్కపెట్టి కొడితే మర చెడదు. కింద గుడ్డ పరచి, ఎడమపక్క లాకు రింగు, కప్పు విప్పి, ఇరుసు లాగండి. అన్నిటినీ కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, గుంటలు పడిన గుండ్లుంటే మొత్తం కొత్తవి వేసి, గ్రీజు పెట్టండి. ఇరుసు ఊగకూడదు, బిగుసుకుపోకూడదు. ఎడమ కప్పును అంతవరకే బిగించాలి.

ఆ సైకిలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. ఏడాదికొకసారి నేనూ, మనవడూ కలిసి విప్పుతాము. సుత్తి అందుకునే ముందు వాడే అడుగుతాడు: "తాతా, ఇది ఏ మర?"