రెండడుగుల చెక్క మీద రైలుబాట

మా కంచికచర్లకు రైలు లేదు. హైదరాబాదు - విజయవాడ రహదారి మీద ఉన్న ఊరు గనుక బస్సులకూ లారీలకూ కొదవ లేదు. రైలు కూత వినాలంటే మాత్రం ఇరవై కిలోమీటర్లు పోయి కొండపల్లి చేరుకోవాలి. నిజాం వారి రైలుబాట 1889లో బెజవాడకు వచ్చినప్పుడు మధిర, కొండపల్లి మీదుగా వచ్చింది, మమ్మల్ని పక్కన వదిలేసింది. అటువంటి ఊళ్లో, మా ఇంటి అరుగు మీద, పోయిన వేసవిలో ఒక రైలుబాట పడింది. ఆ సంగతే ఈ నెల చెప్పుకుందాము.

మా ఇంటి పెద్దాయన, నాన్నగారు, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పట్టాల వెంట ముప్పై ఏళ్లకు పైగా నడిచిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. దేవుని దయవల్ల నడక తిరిగి వచ్చింది కాని కుడిచేతి వేళ్లు రాలేదు. పళ్లెంలో కందులు పోసి ఒక్కొక్కటే ఏరించమన్నారు డాక్టరుగారు. రెండు రోజులు ఏరి, మూడోరోజు పళ్లెం అవతలికి నెట్టేశారు. “నన్ను పసిపిల్లాణ్ణి చేస్తున్నారా?” అన్నారు. ఆ తరువాత ఎవరెంత బతిమాలినా ఆ చెయ్యి ఒడిలోనుంచి కదలలేదు.

అదే రోజుల్లో మా పదేళ్లవాడు విజయవాడలో ఒక దుకాణం అద్దాల వెనుక కరెంటుతో తిరిగే బొమ్మరైలు చూసి వచ్చాడు. దాని ధర మా ఇంటి నెల సరుకుల ధర. వద్దన్నాము. వాడూ అలిగాడు. ఇంట్లో ఒక మూల తాత, ఒక మూల మనవడు. భోజనాల వేళ మా పరిస్థితి మీరే ఊహించుకోండి.

కొనలేనిది చేసుకుందామన్న ఆలోచన అక్కడినుంచి పుట్టింది. కదిలే రైలు మన వల్ల కాదు. ఒక చోటును ఉన్నదున్నట్టు చిన్నదిగా చేసి నిలబెట్టే నమూనాను డయోరమా అంటారు. ఏటా క్రిస్మస్‌కు గడ్డీ రంపపు పొట్టూ పోసి పశువుల పాక కడుతూనే ఉన్నాము గదా, అదీ ఆ జాతిదే. చెయ్యి తిరగని పని కాదు.

మొదట చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. స్టేషనంతా చేద్దామని పెద్ద అట్ట తెచ్చి, దాని మీద ఫెవికాల్ నీళ్లు ధారాళంగా పోసి రాళ్లపొడి చల్లాము. తెల్లవారేసరికి అట్ట అప్పడంలా వంకర తిరిగింది. స్టేషన్ అన్నదే పొరపాటు లెక్క. 1:100 కొలతలో, అంటే మీటరుకు సెంటీమీటరు చొప్పున చేసినా, మూడు వందల మీటర్ల ప్లాట్‌ఫారానికి మూడు మీటర్ల బల్ల కావాలి. మా అరుగే అంత లేదు.

ఆ వంకర అట్టను చూసి నాన్నగారు చాలా రోజులకు నవ్వారు. “స్టేషనెందుకురా, గేటు పెట్టుకోండి” అన్నారు. రైలుబాటను ఎడ్లబండి దారి దాటే చోటు, గేట్‌మన్ గది, ఒక చింతచెట్టు. రైలు ఒక అంచునుంచి వచ్చి రెండో అంచులో పోతున్నట్టు ఉంటే చాలు, ముందూ వెనకా చూసేవాడే ఊహించుకుంటాడు. వడ్రంగి అడిగితే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్ ముక్క ఊరికే ఇచ్చాడు. అరవై సెంటీమీటర్లు, అంటే మా లెక్కలో అరవై మీటర్ల నేల.

కొలతల దగ్గర ఒక మాట. దుకాణాల్లో దొరికే బొమ్మరైళ్లలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది 1:87 కొలత, హెచ్.ఓ. అంటారు. దాని పట్టాల నడిమి దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, 1:87లో పంతొమ్మిది మిల్లీమీటర్లు దాటుతుంది. అదే మీటరుకు సెంటీమీటరు లెక్కలో అయితే 17 మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ. పిల్లలు లెక్క కట్టడానికీ సులువు, మన పట్టాలకూ న్యాయం. నాన్నగారు విరిగిన ప్లాస్టిక్ స్కేలు ముక్కను అంత వెడల్పుకు అరగదీయించి “ఇది గేజి, ఇది లేకుండా పట్టా ముట్టుకోవద్దు” అని మనవడి జేబులో పెట్టించారు.

పట్టాలకు సైకిల్ చువ్వలు వాడాము. మందం రెండు మిల్లీమీటర్లు, అసలు పట్టా ఎత్తుకు ఈ కొలతలో దగ్గరగా వస్తుంది. రిపేరు షాపులో పారేసినవి అయిదు తెచ్చాము. కొక్కెం ఉన్న కొస కత్తిరించి, మిగిలినది సాపు చేసి అంటిద్దామనుకుంటే పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన పనిలో చేరిన కాలంలో పట్టా పొడవు పదమూడు మీటర్లు. కాబట్టి చువ్వ పదమూడు సెంటీమీటర్లకు తెగాలి, రెండు వైపుల అతుకులూ ఎదురెదురుగా రావాలి. ఎండకు ఇనుము సాగుతుంది గనుక అతుకు దగ్గర సందు వదలాలి. ఆ సందుల మీద చక్రం పడినప్పుడు వచ్చేదే మనం చిన్నప్పుడు విన్న టకటక చప్పుడు. ఇప్పుడు పట్టాలను పొడవునా వెల్డింగ్ చేసేస్తున్నారు, ఆ చప్పుడు చాలావరకు పోయింది. ఆయన చెబుతుంటే వాడు నోరు తెరుచుకుని విన్నాడు. మేమూ విన్నాము. ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండి ఈ మాటలు ఎన్నడూ అడగలేదు.

స్లీపర్లకు అగ్గిపుల్లలు. కర్ర స్లీపరు పొడవు సుమారు రెండు మీటర్ల డెబ్బయి అయిదు. మందు ఉన్న తల తుంచేసి పుల్లను రెండు ముప్పావు సెంటీమీటర్లకు కత్తిరిస్తే అచ్చం సరిపోయింది. తుంచిన తలలను నీళ్లలో నానబెట్టి పారేయండి, పిల్లల చేతికి అందనివ్వకండి. ఈ రోజుల్లో అన్నీ కాంక్రీటువే గదా, బూడిదరంగు వేద్దామన్నాడు మావాడు. “నేను మోసినవి కర్రవి” అన్నారు నాన్నగారు. కాఫీ డికాక్షన్‌లో నానబెట్టి నలుపు తెప్పించాము.

ఆరు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున అరవై సెంటీమీటర్లకు నూరు పుల్లలు. వాటిని పేర్చే పని ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. మావాడు మొదటి రెండూ పెట్టాడు. వాటిని చూసి ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఎడమచేత్తో వాటిని పీకేసి, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక పుల్ల ఇరికించారు. అది జారిపోయింది. మళ్లీ ఇరికించారు. మేము వంటింట్లోకి వెళ్లిపోయాము, చూస్తూ నిలబడితే మానేస్తారేమోనని. ఆ పూట మూడు పుల్లలు పడ్డాయి. మరునాడు అయిదు. ఒక రోజు ఒక్కటీ పడలేదు, గమ్ము డబ్బా కూడా కింద పడింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కందులు ఏరనన్న మనిషి మరుసటి ఉదయం ప్రార్థన అయిన వెంటనే గమ్ము అడిగారు.

పుల్లల మీద చువ్వలు అంటిన తరువాత కంకర. మా చుట్టుపక్కల పరిటాల, దొనబండ వైపు క్రషర్లున్నాయి, పొడికి లోటు లేదు. అసలు కంకర రాయి అయిదారు సెంటీమీటర్లు ఉంటుంది, మన కొలతలో అది అర మిల్లీమీటరు. కాబట్టి పొడిని టీ వడపోతలో జల్లించి, మెత్తటిది పారేసి, ఇసుక రవ్వలా ఉన్నదే వాడాలి. పొడిని కుంచెతో సర్దుకున్నాక, ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి మందుల డ్రాపరుతో చుక్కచుక్కగా వేయాలి. సబ్బు లేకపోతే నీటి చుక్క పొడిమీద పూసలా దొర్లి కంకరను చెదరగొడుతుంది. వెనుక కొండకు థర్మోకోల్ వాడితే చెప్పుల దుకాణపు గమ్ము పెట్టకండి, థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది.

రైలుకు పెట్టెలు చేయడం కష్టమనుకున్నాము. కిటికీలు, తలుపులు, ఎన్నని కోస్తాము? దానికి ఇబ్రహీంపట్నం దారి చూపించింది. అక్కడి థర్మల్ కేంద్రానికి పోయే బొగ్గు వ్యాగన్లు పైకప్పు లేని పెట్టెలే గదా. అసలు వ్యాగను పొడవు పది మీటర్ల చిల్లర, వెడల్పు మూడు మీటర్ల పైన. రెండు అగ్గిపెట్టెల లోపలి అరలను వరుసగా అతికించి, ఎత్తు చాలకపోతే పైన అట్టపట్టీ కట్టి, తుప్పురంగు వేస్తే వ్యాగన్ సిద్ధం. లోపల ఇస్త్రీపెట్టె బొగ్గును నలిపి పోశాము. అయిదు వ్యాగన్లు, చివరిది అంచు దగ్గర సగానికి కోసి. ఇంజను మా పలక మీదికి రాలేదు, అది ఎప్పుడో దాటిపోయింది!

మనుషుల కోసం కొండపల్లి విద్య అరువు తెచ్చుకున్నాము. అక్కడి వారు తేలికైన తెల్లపొణికి కర్రను సన్నని సెగన ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మేము గింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి రుబ్బాము. మిక్సీ బ్లేడు సంగతి అడగకండి, రోలు ఉన్నవారు రోలే వాడండి. మనిషి ఎత్తు పదహారు, పదిహేడు మిల్లీమీటర్లు. అగ్గిపుల్లకు మక్కు అద్ది గేట్‌మన్‌ను నిలబెట్టి, చేతిలో పచ్చ జెండా పెట్టాము. చింతచెట్టుకు ఎండిన బీరకాయ పీచు, గడ్డికి రంగు వేసిన రంపపు పొట్టు. రంగులతో, గమ్ముతో కలిపి మా ఖర్చు మూడు వందలు దాటలేదు.

మావాడు ఒక్కటే అడిగాడు, “ఇది కదలదా తాతయ్యా?” అని. “సిగ్నల్ పడలేదురా” అన్నారాయన.

పుల్లల పని ముగియడానికి నెల దాటింది. నాలుగు పట్టాల పొడవు, అంటే యాభై రెండు సెంటీమీటర్లు, ఒక్కో పుల్లా ఆయనే పెట్టారు. చివరి అతుకు దగ్గర ఆగి కుర్చీ వెనక్కి జరిపారు. ఇంకా ఎనిమిది సెంటీమీటర్లు మిగిలింది. వేళ్లు నొప్పి పుట్టాయేమోననుకున్నాము. “ఇక్కడితో నా గ్యాంగు హద్దు అయిపోయింది. అవతలిది వీడిది” అని గమ్ము డబ్బా మనవడి వైపు నెట్టారు, కుడిచేత్తోనే.

వాడు పదమూడు పుల్లలు పెట్టాడు. అందులో ఒకటి వంకర. పెద్దాయన రోజూ కళ్లజోడు పెట్టుకుని దాన్ని చూస్తారు, ఏమీ అనరు.